స్కోరు మారదు, కోపం చల్లారదు: కాలేజీ ఫుట్‌బాల్ తీర్పులపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల నుంచీ, అక్కడే స్థిరపడిన పాఠకుల నుంచీ కాలేజీ ఫుట్‌బాల్ రిఫరీల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాము.

ప్రశ్న: మా అమ్మాయి మిస్సోరీ విశ్వవిద్యాలయంలో చేరింది. ఆటల ప్రస్తావన వస్తే చాలు, అక్కడివాళ్లు 1990 నాటి "ఐదో డౌన్" మ్యాచ్ గురించి నిన్నగాక మొన్న జరిగినట్టు కోపంగా చెబుతారట. తప్పు జరిగిందని అందరూ ఒప్పుకున్నప్పుడు ఫలితాన్ని ఎందుకు మార్చలేదు?

జవాబు: ఆట తెలియనివారి కోసం ముందు ఒక మాట. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలుంటాయి. ఒక్కొక్క అవకాశాన్నీ డౌన్ అంటారు. నాలుగూ అయిపోయేలోగా ఆ దూరం దాటలేకపోయినా, గోల్ గీత దగ్గరైతే టచ్‌డౌన్ చేయలేకపోయినా, అంటే బంతిని ఆ గీత దాటించలేకపోయినా, బంతి అవతలి జట్టుకు పోతుంది. ఎన్నో డౌన్ నడుస్తున్నదో మైదానం అంచున ఒకరు పట్టుకుని నిలబడే గుర్తుకర్ర మీది అంకె చూపిస్తుంది. 1990 అక్టోబరు 6న మిస్సోరీలోని కొలంబియాలో, కొలరాడోతో జరిగిన మ్యాచ్‌లో, ఆ అంకె దగ్గరే లెక్క తప్పింది.

ఆట ముగియడానికి దాదాపు అర నిమిషమే ఉంది. మిస్సోరీ 31-27తో ముందుంది. కొలరాడో జట్టు గోల్ గీతకు మూడు గజాల దూరంలో ఉంది. మొదటి డౌన్‌లో, జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ చార్లెస్ జాన్సన్ గడియారాన్ని ఆపడం కోసం బంతిని నేలకేసి కొట్టాడు. రెండో డౌన్‌లో ఎరిక్ బియనెమీ బంతితో దూసుకుపోయి గజం దూరంలో దొరికిపోయాడు. కొలరాడో టైమ్‌అవుట్ తీసుకుంది, ఆ విరామంలో గుర్తుకర్ర మీది అంకెను రెండు నుంచి మూడుకు తిప్పడం మరిచారు. ఆ తరువాత జరిగిన ప్రతి డౌనూ ఒకటి తక్కువగానే లెక్కకు వచ్చింది. అసలైన నాలుగో డౌన్‌లో, అది మూడోదేనన్న నమ్మకంతో, జాన్సన్ మళ్లీ బంతిని నేలకు కొట్టి గడియారాన్ని రెండు సెకన్ల దగ్గర ఆపాడు. నియమం ప్రకారం బంతి అప్పుడే మిస్సోరీ చేతికి రావాలి, మ్యాచ్ కూడా వారిదే కావాలి. రాలేదు. ఐదోసారి జాన్సన్ గీత మీదికి దూకాడు, టచ్‌డౌన్ ఇచ్చారు, కొలరాడో 33-31తో గెలిచింది. ఆ దూకుడులో కూడా బంతి గీత దాటలేదని మిస్సోరీవాళ్లు నేటికీ వాదిస్తారు.

ఈ రెండు జట్లూ ఉన్న అప్పటి బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే విశ్వవిద్యాలయాల కూటమిని కాన్ఫరెన్స్ అంటారు) ఆ రిఫరీల బృందాన్ని నిరవధికంగా సస్పెండ్ చేసింది, స్కోరును మాత్రం ముట్టుకోలేదు. ఆట ముగిసిందని రిఫరీ ప్రకటించిన క్షణం నుంచి స్కోరు ఖరారైనట్టేనని కాలేజీ ఫుట్‌బాల్ నియమావళి చెబుతుంది. ఆ తరువాత దాన్ని మార్చే అధికారం కాన్ఫరెన్సుకు గానీ, కాలేజీ ఆటల జాతీయ సంస్థ ఎన్.సి.ఎ.ఎ.కు గానీ ఉండదు. కొలరాడో ఆ ఏడాదిని 11 గెలుపులు, ఒక ఓటమి, ఒక డ్రాతో ముగించి, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఓటింగులో దేశ విజేతగా నిలిచింది. కోచ్‌ల ఓటింగులో ఆ గౌరవం జార్జియా టెక్‌కు దక్కింది. మిస్సోరీవారి మంట ఒక్క మ్యాచ్ గురించి కాదని దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది.

ఈ నియమం మొండిగా కనబడినా దానిలో న్యాయం లేకపోలేదు. కర్ర మీద సరైన అంకె ఉండి ఉంటే, కొలరాడో నాలుగో డౌన్‌లో బంతిని నేలకేసి కొట్టేది కాదు, గీత దాటడానికే ప్రయత్నించేది. అప్పుడు ఏం జరిగి ఉండేదో ఎవరూ చెప్పలేరు. తప్పును తుడిచేస్తే ఆ తప్పును నమ్మి తీసుకున్న నిర్ణయాలను కూడా తుడవాలి, వాటిని ఎక్కడిదాకా తుడవాలో తేల్చేవారెవరు?

ఇంత స్పష్టంగా, చివరి సెకనులోనే తప్పు జరిగినప్పుడు కూడా నియమం సడలలేదు. 2016 సెప్టెంబరు 10న ఓక్లహోమా స్టేట్ జట్టు 27-24తో గెలిచి, గడియారం సున్నాకు చేరాక, రిఫరీలు సెంట్రల్ మిషిగన్‌కు ఇవ్వకూడని అదనపు డౌన్ ఒకటి ఇచ్చారు. దూరంగా విసిరిన బంతిని ఒక ఆటగాడు పట్టి పక్కవాడికి అందించగా అతను టచ్‌డౌన్ చేశాడు. ఇక్కడ "తరువాత ఏం జరిగేదో" అన్న సందేహానికి తావే లేదు, ఆట అయిపోయింది. మైదానంలోని బృందాన్నీ రీప్లే బృందాన్నీ రెండేసి మ్యాచ్‌లకు సస్పెండ్ చేశారు. 30-27 మాత్రం 30-27గానే ఉండిపోయింది. ఈ ఒక్క సందర్భంలో నియమం ఓక్లహోమా స్టేట్‌కు అన్యాయం చేసిందని మా అభిప్రాయం.

ఫలితం మారిన మ్యాచ్ ఒకటుంది, దాన్ని మార్చింది మాత్రం అధికారులు కారు. 1940 నవంబరు 16న కోర్నెల్ జట్టు డార్ట్‌మత్ మీద చివరి క్షణాల్లో, అదీ ఐదో డౌన్‌లోనే, టచ్‌డౌన్ చేసి 7-3తో గెలిచింది. అప్పటికి కోర్నెల్ 18 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగదు. ఆట తాలూకు ఫిల్మ్ చూశాక రిఫరీ రెడ్ ఫ్రీజెల్ తన తప్పును రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు, అయినా ఫలితాన్ని మార్చే శక్తి అతనికి లేదు. అప్పుడు కోర్నెల్ వారే గెలుపును వదులుకుంటున్నామని డార్ట్‌మత్‌కు టెలిగ్రామ్ పంపారు, డార్ట్‌మత్ స్వీకరించింది, స్కోరు 3-0గా రికార్డుల్లోకి ఎక్కింది. 1990లో కొలరాడో కోచ్ బిల్ మెకార్ట్నీని కూడా మీరూ అలా వదులుకుంటారా అని అడిగితే, మైదానం కాలు నిలవనంత జారుడుగా ఉందని ఎదురు ఫిర్యాదు చేశాడు. చాలా ఏళ్ల తరువాత, 1998లో, ఆ వైఖరికి చింతిస్తున్నానని చెప్పాడు. మిస్సోరీలో ఆ మాటకు ఎంత విలువ దొరికిందో మీ అమ్మాయి స్నేహితులను అడిగితే తెలుస్తుంది.

ప్రశ్న: అంత అన్యాయం జరిగిన రాత్రి కూడా కోచ్‌లు "వీడియో చూడాలి" అని నీళ్లు నములుతారు. నష్టపోయిన విశ్వవిద్యాలయం తన అభిమానుల తరఫున గట్టిగా మాట్లాడదేం?

జవాబు: మాట్లాడితే జరిమానా పడుతుంది కనుక. రిఫరీలను బహిరంగంగా విమర్శించకూడదని పెద్ద కాన్ఫరెన్సులన్నిటికీ నియమాలున్నాయి. 2016 నవంబరులో ఒహాయో స్టేట్ మీద 30-27తో, రెండో ఓవర్‌టైమ్‌లో ఓడిన మిషిగన్ కోచ్ జిమ్ హార్బా, నాలుగో డౌన్‌లో ఒహాయో స్టేట్ కావలసిన దూరం దాటిందన్న తీర్పు తప్పని విలేఖరుల ముందు నిర్మొహమాటంగా అన్నందుకు, బిగ్ టెన్ కాన్ఫరెన్స్ మిషిగన్‌కు 10,000 డాలర్ల జరిమానా వేసింది. 2009లో ఎస్.ఇ.సి. కాన్ఫరెన్స్ ఫ్లోరిడా కోచ్ అర్బన్ మేయర్‌కు 30,000 డాలర్లు వేసింది. 2024 నవంబరు 9న యూటా జట్టు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం చేతిలో 22-21తో ఓడిపోయింది. గెలుపు చేతికొచ్చిన నాలుగో డౌన్‌లో యూటా రక్షకుడి మీద ఫ్లాగ్ (ఫౌలు జరిగిందని రిఫరీ విసిరే గుడ్డ) పడి, ఎదుటి జట్టుకు ఆట కొనసాగే అవకాశం దొరికింది. ఆ రాత్రి యూటా అథ్లెటిక్ డైరెక్టర్, అంటే క్రీడావిభాగ అధిపతి, మార్క్ హార్లన్ స్వయంగా విలేఖరుల ముందుకు వచ్చి మ్యాచ్‌ను తమ దగ్గర దొంగిలించారన్నాడు. ఆ మాట ఖరీదు 40,000 డాలర్లు.

ఈ జరిమానాలను పెద్ద శిక్షలుగా చూడనక్కరలేదు. ఏటా కోట్ల డాలర్లు చేతులు మారే క్రీడావిభాగానికి 40,000 ఒక లెక్క కాదు, అభిమానుల దృష్టిలో మాత్రం అదొక బిరుదు. హార్లన్ ఆ రాత్రి విలేఖరులతో మాట్లాడాడే గానీ, అతని మాట చేరింది స్టేడియం నుంచి ఉడికిపోతూ ఇంటికెళుతున్న వేల మందికి. తమ విశ్వవిద్యాలయం తమ తరఫున దెబ్బ తిన్నదన్న తృప్తి వాళ్లకు మిగులుతుంది, మర్నాటి నుంచి జట్టు ఎందుకు ఓడిందన్న ప్రశ్న కూడా కాస్త వెనక్కి పోతుంది. ఈ రెండో ప్రయోజనాన్ని తెలివైన కోచ్‌లు ఎరగనివారు కారు.

రాతపూర్వకమైన నిరసనలు మరో దారి. 2006 సెప్టెంబరు 16న ఒరెగాన్‌లో ఓక్లహోమా 33-27తో ముందుండగా, ఒరెగాన్ తన్నిన చిన్న కిక్‌ను పది గజాలు పోకముందే, నియమానికి విరుద్ధంగా, ఒరెగాన్ ఆటగాడే తాకాడు, చివరికి బంతి దొరికింది ఓక్లహోమా ఆటగాడికి. అయినా బంతి ఒరెగాన్‌దే అన్నారు. రీప్లే చూసి కూడా అదే మాట అన్నారు. ఒరెగాన్ 34-33తో గెలిచింది. ఓక్లహోమా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డేవిడ్ బోరెన్, మాజీ సెనెటర్ కూడా, ఈ మ్యాచ్‌ను రికార్డుల నుంచి తీసేయించాలని తమ కాన్ఫరెన్స్ కమిషనర్‌కు లేఖ రాశాడు. అప్పట్లో ఒరెగాన్ ఉన్న పాక్-10 కాన్ఫరెన్స్ క్షమాపణ చెప్పి, ఆ బృందాన్ని ఒక మ్యాచ్‌కు సస్పెండ్ చేసి ఊరుకుంది. 2011లో సిరక్యూజ్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 33-30తో ఓడిన టొలీడో విశ్వవిద్యాలయానిదీ ఇదే అనుభవం. గోల్‌స్తంభాల పక్కనుంచి పోయిన కిక్‌కు పాయింటు ఇచ్చారు. తప్పేనని బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్ ఒప్పుకుంది. గెలుపును రద్దు చేయమంటే మాత్రం మా చేతిలో లేదంది.

ఓక్లహోమా కథలో అభిమానులు సాధారణంగా చెప్పని భాగం ఒకటుంది. ఆ తప్పు తీర్పు తరువాత కూడా వాళ్లకు గెలిచే అవకాశం వచ్చింది: చివరి ఆటలో ఫీల్డ్ గోల్ కోసం, అంటే గోల్‌స్తంభాల మధ్యకు, తన్నిన బంతిని ఒరెగాన్ అడ్డుకుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. 2024లో జార్జియాతో మ్యాచ్ రోజున విద్యార్థులు సీసాలు విసిరాక రిఫరీలు తీర్పు మార్చుకున్నారట. విసిరితేనే న్యాయం దొరుకుతుందని అతను గట్టిగా వాదిస్తున్నాడు. ఏమని చెప్పాలి?

జవాబు: అతను చెబుతున్న సంఘటన నిజమే, కనుక దాన్ని కాదనకుండా మొదలుపెట్టండి. అక్టోబరు 19న జార్జియా ఆధిక్యంలో ఉండగా, టెక్సస్ ఆటగాడు జాడే బారన్ ఎదుటి జట్టు బంతిని గాలిలోనే అందుకుని జార్జియా గోల్ గీత దగ్గరిదాకా పరుగెత్తాడు. బంతి రాకముందే అవతలి ఆటగాడిని అడ్డుకున్నాడని అతని మీద ఫ్లాగ్ పడింది. ఈ రకం ఫౌలును రీప్లేతో సరిచూడటానికి కాలేజీ నియమాలు ఒప్పుకోవు. స్టేడియంలోని పెద్ద తెరల మీద అదే దృశ్యం మళ్లీ మళ్లీ కనబడుతుంటే విద్యార్థులు కూర్చున్న మూల నుంచి నీళ్ల సీసాలూ చెత్తా మైదానంలోకి వచ్చిపడ్డాయి. టెక్సస్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ తానే అక్కడికి నడిచివెళ్లి ఆపమని చేతులూపాడు. మైదానం శుభ్రం చేసే ఆ కొద్ది నిమిషాల్లో రిఫరీలు గుమిగూడి మాట్లాడుకుని ఫ్లాగును వెనక్కి తీసుకున్నారు. బంతి టెక్సస్‌కు వచ్చింది, వెంటనే టచ్‌డౌన్ కూడా వచ్చింది. మ్యాచ్ మాత్రం జార్జియా 30-15తో గెలిచింది.

మొదటి ఫ్లాగు సరిగ్గా పడలేదని కాన్ఫరెన్స్ కూడా తరువాత ఒప్పుకుంది. అంటే చివరికి నిలిచింది సరైన తీర్పే, అది వచ్చిన తోవ మాత్రం సరైనది కాదు. సామాన్లు విసిరితే తీర్పు మారే అవకాశముందని ఇప్పుడు అందరికీ చూపించినట్టయిందని జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ ఆ రాత్రి అన్న మాట గెలిచినవాడి నుంచి వచ్చింది కాబట్టి ఇంకాస్త బరువుగా తోస్తుంది. ఎస్.ఇ.సి. టెక్సస్‌కు 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. విసిరినవారిని వీడియోల ద్వారా గుర్తించి, ఆ విద్యా సంవత్సరంలో ఇక ఏ ఆటకూ రానీయవద్దంది. స్టేడియంలో మద్యం అమ్మకాన్ని అప్పటికి ఆపకపోయినా, ఆపే హక్కు తమకుందని గుర్తుచేసింది. మీ అబ్బాయికి ఈ రెండో షరతు చెప్పండి. జరిమానా విశ్వవిద్యాలయం కడుతుంది, బయటికి పంపేది మాత్రం విద్యార్థిని.

ఇదే జరిమానా 2021 అక్టోబరు 16న టెనెసీకి పడింది, అక్కడ విసిరినందుకు దక్కిందేమీ లేదు. నాక్స్‌విల్‌లో ఓల్ మిస్‌తో, అంటే మిసిసిపీ విశ్వవిద్యాలయంతో, ఆడుతూ, ఒక నిమిషం కన్నా తక్కువ సమయం మిగిలి ఉండగా, నాలుగో డౌన్‌లో టెనెసీకి కావలసిన దూరం కొద్దిలో తప్పిందన్నారు. లక్ష మంది పట్టే ఆ స్టేడియం నుంచి సీసాలతో పాటు ఆవపచ్చడి సీసా ఒకటి, గోల్ఫ్ బంతి ఒకటి కూడా వచ్చాయి. గోల్ఫ్ బంతి ఓల్ మిస్ కోచ్ లేన్ కిఫిన్‌కు తగిలింది. ఆయన 2009లో ఒకే ఒక్క సీజన్ టెనెసీకి కోచ్‌గా ఉండి వెళ్లిపోయినవాడు కనుక, ఆ సాయంత్రం కోపమంతా రిఫరీల మీదే ఉందని చెప్పడం కష్టం. ఆట దాదాపు 20 నిమిషాలు ఆగింది, తీర్పు మారలేదు, ఓల్ మిస్ 31-26తో గెలిచింది. తండ్రిగా మీరు చెప్పవలసింది న్యాయాన్యాయాల చర్చ కన్నా ఇది: పై వరుసల నుంచి విసిరిన సీసా రిఫరీ దాకా పోదు. గీత పక్కన నిలబడ్డ బ్యాండ్ పిల్లలకో, చీర్‌లీడర్లకో తగులుతుంది, వాళ్లలో చాలామంది విసిరినవాడి తరగతివాళ్లే.

ప్రశ్న: క్రికెట్‌లో థర్డ్ అంపైర్ వచ్చాక గొడవలు చాలావరకు తగ్గాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో రీప్లే ఉన్నా ఎందుకు తగ్గలేదు?

జవాబు: ఇక్కడ రీప్లే 2004లో బిగ్ టెన్‌లో ప్రయోగంగా మొదలై, 2006 నాటికి దేశమంతటికీ ఒకే నియమంగా స్థిరపడింది. అది చూడగలిగేవి కొన్నే. బంతి గీత దాటిందా, మోకాలు నేలను తాకిందా వంటివి చూస్తుంది. పైన చెప్పిన అడ్డుకోవడం, పట్టుకోవడం వంటి ఫౌళ్లను చూడదు. చూసేవాటిలో కూడా తిరుగులేని సాక్ష్యం ఉంటేనే మైదానంలో ఇచ్చిన తీర్పు మారుతుంది.

దీనికి తోడు, తెర ముందు కూర్చునేది కూడా మనిషే. 2015 అక్టోబరు 31న డ్యూక్ జట్టు ఆరు సెకన్లు మిగిలి ఉండగా 27-24తో ముందుకు వచ్చింది. తరువాతి కిక్‌ను అందుకున్న మయామీ ఆటగాళ్లు ఎనిమిది సార్లు బంతిని వెనక్కీ పక్కకీ అందించుకుంటూ చివరికి టచ్‌డౌన్ చేశారు. మధ్యలో మార్క్ వాల్టన్ అనే ఆటగాడి మోకాలు బంతి చేతిలో ఉండగానే నేలను తాకింది; ఆట అక్కడే ముగియాలి. రీప్లే తొమ్మిది నిమిషాలు సాగింది, తొమ్మిది నిమిషాల తరువాత కూడా తప్పు తీర్పే నిలిచింది. మైదానంలో క్షణాల తొందరలో జరిగిన పొరపాటును జనం క్షమిస్తారు గానీ, తీరిగ్గా కూర్చుని చేసిన పొరపాటును క్షమించరు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ వాళ్లందరినీ రెండు మ్యాచ్‌లకు సస్పెండ్ చేసింది. అదే కాన్ఫరెన్స్ 2025లో, రీప్లే గదిలో జరిగే సంభాషణను కొన్ని మ్యాచ్‌ల ప్రసారంలో ప్రేక్షకులకు నేరుగా వినిపించడం మొదలుపెట్టింది. మా దృష్టిలో గత ఇరవై ఏళ్లలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదొకటి. ఎలా ఆలోచించారో వినగలిగినవాడు తీర్పును ఒప్పుకోకపోయినా కుట్ర జరిగిందని అనుకోడు.

ప్రశ్న: అభిమానుల గొడవ వల్ల ఏ నియమమైనా మారిందా?

జవాబు: గొడవ ఒక్కదాని వల్లే మారిందని చెప్పలేము. 2018 అక్టోబరులో లూయిజియానా స్టేట్ (ఎల్.ఎస్.యు.) ఆటగాడు డెవిన్ వైట్ మిసిసిపీ స్టేట్‌తో మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో "టార్గెటింగ్" ఫౌలుకు, అంటే తలకు తగిలేట్టు ప్రమాదకరంగా ఢీకొట్టినందుకు, బయటికి వెళ్లాడు. అప్పటి నియమం ప్రకారం రెండో సగంలో ఈ ఫౌలు పడితే తరువాతి మ్యాచ్ మొదటి సగం కూడా ఆడకూడదు. తరువాతి మ్యాచ్ అలబామాతో. అప్పీలుకు అప్పట్లో దారి లేదు. అభిమానులు చందాలు పోగేసి, ఎస్.ఇ.సి. కార్యాలయం ఉన్న బర్మింగ్‌హామ్ నగరంలోనే వైట్‌ను విడిచిపెట్టమంటూ హోర్డింగులు పెట్టించారు. కాన్ఫరెన్స్ కదలలేదు, అలబామా 29-0తో గెలిచింది. రెండో సగంలో పడిన టార్గెటింగ్ తీర్పుల మీద కాన్ఫరెన్స్ ద్వారా జాతీయ సమన్వయకర్తకు అప్పీలు చేసుకునే వీలు 2022లో వచ్చింది. చందాలు వేసినవాళ్లు దాన్ని తమ ఖాతాలో వేసుకుంటే మేము అడ్డుచెప్పము.

ప్రశ్న: రిఫరీలకు ఇదే ఉద్యోగమా? తప్పు చేసినవాళ్ల పేర్లు బయటపెట్టి తొలగించవచ్చు కదా?

జవాబు: దాదాపు అందరికీ వేరే వృత్తులున్నాయి, మ్యాచ్‌కు ఇంత అని కాన్ఫరెన్స్ ఇచ్చే డబ్బుకు వారాంతాల్లో పనిచేస్తారు. సస్పెండైనవారు నిజంగానే పని కోల్పోతారు, మంచి మార్కులు రానివారికి పెద్ద మ్యాచ్‌లు ఇవ్వరు. పేర్లు బయటికి రావడం వల్ల ఏమవుతుందో 2006లోనే తెలిసింది. ఒరెగాన్ మ్యాచ్ రీప్లే అధికారికి ఇంటికి బెదిరింపు ఫోన్లు వచ్చాయి, ఆయన ఆ సీజన్‌లో విధుల నుంచి సెలవు తీసుకోవలసి వచ్చింది. 2018లో సుప్రీం కోర్టు తీర్పు తరువాత క్రీడల మీద పందేలు అనేక రాష్ట్రాల్లో చట్టబద్ధమయ్యాయి. ఇప్పుడు ఏ జట్టునూ ప్రేమించని, డబ్బు పోగొట్టుకున్న మనిషి కూడా రిఫరీ ఫోను నంబరు కోసం వెతుకుతున్నాడు. తప్పుకు సస్పెన్షన్ సరైన శిక్షే. ఇంటి ఫోను మోగడం ఏ నియమావళిలోనూ లేదు.

ప్రశ్న: నా దగ్గర సీజన్ టికెట్ ఉంది. తప్పు తీర్పు మీద ఫిర్యాదు రాస్తే ఎవరికి రాయాలి?

జవాబు: కాన్ఫరెన్సుకు రాస్తే మర్యాదగా ఒక జవాబు రావచ్చు, అంతకు మించి ఆశించకండి. అసలు దారి కోచ్‌లది: మ్యాచ్ అయ్యాక సందేహమున్న ఆటల వీడియో ముక్కలను కాన్ఫరెన్స్ రిఫరీల సమన్వయకర్తకు పంపుతారు, ఒక్కొక్కదానికీ ఇది సరే, ఇది తప్పు అని జవాబు వస్తుంది. ఆ జవాబులను సాధారణంగా బయటపెట్టరు. బయటపెట్టాలని కోరదలచుకుంటే రాయవలసింది మీ విశ్వవిద్యాలయ అథ్లెటిక్ డైరెక్టర్‌కు, ఎందుకంటే కాన్ఫరెన్స్ నియమాలను మార్చేది సభ్య విశ్వవిద్యాలయాల ఓట్లే. ఏ మ్యాచ్, ఎన్నో క్వార్టర్, గడియారంలో ఎంత సమయముంది అన్నవి రాయండి, రిఫరీ మీద తిట్లు రాయకండి.